నాలుగు ముళ్ల పెట్టె: హోమియోస్టాట్ ప్రాజెక్టు డైరీ

రోజు 1

ఈ పెట్టె ఎందుకు కడుతున్నానో ముందే రాసుకుంటున్నాను. మధ్యలో టంకం పొగలో, వైర్ల చిక్కులో పడి అసలు సంగతి మర్చిపోకూడదు.

ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ ఉంటుంది. వేడి ఎక్కువైతే కరెంటు ఆపుతుంది, తగ్గితే మళ్లీ ఇస్తుంది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన గవర్నర్‌ది కూడా ఇదే పని. యంత్రం జోరు పెరిగితే రెండు ఇనుప గుండ్లు గిర్రున తిరుగుతూ పైకి లేస్తాయి, అవి లేచిన కొద్దీ ఆవిరి వెళ్లే దారి మూసుకుపోతుంది. మన ఒంట్లో చెమట, వణుకు కూడా ఈ కోవలోవే. జరిగిన ఫలితాన్ని చూసుకుని, తేడా ఎటు ఉంటే దానికి ఎదురుగా నెట్టడం. దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇక్కడ నెగటివ్ అంటే చెడ్డది కాదు, ఎదురు తిరిగేది అని. యంత్రంలోనూ ప్రాణిలోనూ ఈ అదుపు ఎలా నడుస్తుందో ఒకే చూపుతో చదివే శాస్త్రానికి 1948లో తన పుస్తకంలో గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ సైబర్నెటిక్స్ అని పేరు పెట్టాడు. ఓడ చుక్కాని పట్టేవాణ్ని పిలిచే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. గవర్నర్ అన్న మాటకు మూలం కూడా అదే.

ఇంతవరకూ నాకు ఇబ్బంది లేదు. నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. థర్మోస్టాట్‌లో "వేడెక్కితే ఆపు" అని వైర్లు కలిపింది మనిషి. అదే వైర్లు తిరగేసి, వేడెక్కిన కొద్దీ ఇంకా కరెంటు ఇచ్చేలా కలిపితే అది కాలిపోయేదాకా వేడెక్కుతూనే ఉంటుంది. ఎటు నెట్టాలో ముందుగా ఎవరూ చెప్పని వ్యవస్థ, ఆ దిక్కును తనంతట తాను కనుక్కోగలదా?

కనుక్కోగలదని చూపించినవాడు రాస్ ఆష్బీ. ఇంగ్లండ్‌లో మానసిక వైద్యుడు. గ్లోస్టర్ దగ్గర బార్న్‌వుడ్ హౌస్ ఆసుపత్రిలో పనిచేస్తూ, యుద్ధం తర్వాత మిగిలిపోయిన వైమానిక దళం సామాను వాడి 1948లో హోమియోస్టాట్ అనే యంత్రం కట్టాడు. నాలుగు పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో ముల్లు. ప్రతి పెట్టె మిగిలిన మూడింటినీ కదిలిస్తుంది, వాటివల్ల తనూ కదులుతుంది. ముల్లు హద్దు దాటితే ఆ పెట్టెలోని స్విచ్ ఒక మెట్టు కదిలి, లోపలి కనెక్షన్లను గుడ్డిగా మార్చేస్తుంది. ఒక్కో స్విచ్‌కు 25 మెట్లు, కాబట్టి నాలుగింటికీ కలిపి 3,90,625 అమరికలు. అన్ని ముళ్లూ మధ్యలో నిలబడే అమరిక దొరికేదాకా వెతుకుతూనే ఉంటుంది.

నేను దాని చిన్న తమ్ముణ్ని కట్టబోతున్నాను.

రోజు 2

సామాను: ఒక ఆర్డుయినో మెగా (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు), నిమిషానికి 15 చుట్లు తిరిగే చిన్న గేరు మోటార్లు నాలుగు, పది కిలో ఓముల పాట్‌లు (పొటెన్షియోమీటర్లు, కడ్డీ తిప్పితే వోల్టేజీ మారేవి) నాలుగు, రెండేసి మోటార్లు నడిపే డ్రైవర్ బోర్డులు రెండు, మోటార్లకు విడిగా ఒక అడాప్టరు.

మోటారు పాట్‌ను తిప్పుతుంది. పాట్ కడ్డీకి అతికించిన ప్లాస్టిక్ పుల్లే ముల్లు. ముల్లు ఎక్కడుందో పాట్ వోల్టేజీ చెబుతుంది. ఆర్డుయినో దాన్ని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. 512 అంటే నడిమధ్య. ప్రతి మోటారు వేగాన్నీ నాలుగు ముళ్ల స్థానాలు కలిసి నిర్ణయిస్తాయి. ఒక్కో ముల్లు మాటకు ఎంత బరువు ఇవ్వాలన్నది మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఒక అంకె. ఆ అంకెలే ఈ పెట్టెకు ప్రాణం. వాటిని నేను నింపను.

మోటారు కడ్డీనీ పాట్ కడ్డీనీ గట్టిగా బిగించేద్దామనుకున్నాను గానీ, పాట్ చివరిదాకా వెళ్లి ఆగిపోయినా మోటారు తోస్తూనే ఉంటే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకని రెండింటి మధ్య బిగుతుగా ఉండే రబ్బరు గొట్టం ముక్క తొడిగాను. చివర తగిలితే గొట్టం జారుతుంది. దీనితో అనుకోని లాభం ఇంకోటి వచ్చింది. మోటారు ఆగి ఉన్నా ముల్లును చేత్తో తిప్పొచ్చు. అంటే పెట్టెను ఎప్పుడు కావాలంటే అప్పుడు నేనే చెదరగొట్టొచ్చు.

రోజు 4

ఒక్క ముల్లుతో మొదలుపెట్టాను. బరువు మైనస్‌లో వస్తే, చేత్తో పక్కకు లాగి వదిలితే ముల్లు మధ్యకు తిరిగొస్తుంది. ప్లస్‌లో వస్తే చిన్నగా తాకితే చాలు, ఇంకా ఇంకా దూరం పోయి అంచుకు టక్కున తగులుతుంది. హద్దు మధ్య నుంచి అటూ ఇటూ 300 అని పెట్టుకున్నాను. హద్దు దాటి ఉంటే ఆర్డుయినో గుడ్డిగా ఇంకో కొత్త బరువు వేస్తుంది. సగానికి సగం అవకాశం కాబట్టి రెండు మూడు ప్రయత్నాల్లో కుదిరిపోతోంది.

ఆ మొదటి సారి నేనే నమ్మలేదు. అంచుకు తగిలి, గొట్టం జారుతూ కిర్రుమంటున్న ముల్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగి, నెమ్మదిగా మధ్యకొచ్చి ఆగింది. ఎటు తిరగాలో నేను దానికి చెప్పలేదు.

రోజు 6

మొన్నటి సంతోషంలో ఒక దొంగ నిలకడ దాగి ఉంది. బరువు ప్లస్‌లో ఉన్నా ఒక్కోసారి ముల్లు మధ్యలోనే బుద్ధిగా కూర్చుంటోంది. లెక్క ప్రకారం పారిపోవాలి కదా?

కారణం రాపిడి. మోటారును ఎంత జోరుగా నడపాలో చెప్పే పీడబ్ల్యూఎం అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. నా మోటార్లు దాదాపు 60 దాటితే గానీ కదలడం లేదు. ముల్లు మధ్యకు దగ్గరగా ఉన్నంతసేపూ ఆ అంకె 60 లోపే ఉంటుంది, మోటారు సన్నగా గుయ్యిమంటుంది తప్ప తిరగదు. బయటి నుంచి చూస్తే నిలకడలా కనిపిస్తోంది, నిజానికి అది ఇరుక్కుపోవడం. ఈ రెండింటినీ విడదీసే పరీక్ష సులువు. కొంచెం గట్టిగా కదిపి వదలాలి. నిలకడ ఉన్నది తిరిగొస్తుంది, ఇరుక్కున్నది రాదు.

కదలిక మొదలవ్వాల్సిన చోట ఆ 60ని ముందే కలిపేశాను. దాంతో ఇంకో తలనొప్పి: మధ్యలో ముల్లు ఆగకుండా వణుకుతోంది. 513 అయితే అటు 60, 511 అయితే ఇటు 60! మధ్య నుంచి అటూ ఇటూ 6 అంకెల లోపు ఉంటే మోటారు ఆపేయమని రాశాక వణుకు ఆగింది. ఈ వణుకు గురించి వీనర్, డాక్టర్ రోసెన్‌బ్లూత్, ఇంజనీరు బిగెలో చాలా ఆలోచించారు. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లు గ్లాసు అందుకోబోతే చేయి అటూ ఇటూ ఊగిపోతుంది. దిద్దుబాటు అతిగా జరిగే యంత్రం ఊగిసలాట కూడా అలాగే ఉంటుందని వాళ్లు గమనించారు. 1943లో ముగ్గురూ కలిసి రాసిన వ్యాసంలో ఈ పోలిక ఉంది. నా టేబుల్ మీద వణికే ప్లాస్టిక్ పుల్లను చూశాక ఆ పోలిక నాకు బాగా అర్థమైంది.

రోజు 9

రెండు ముళ్లు. ఇవాళంతా దీనికే పోయింది, పోయినందుకు బాధ లేదు.

కంప్యూటర్ ఎంచుకునే అంకెలు ఆపి, నేనే కొన్ని పెట్టి చూశాను. మొదటిది: రెండు ముళ్లకూ తమ మీద తమకు మైనస్ 0.3, ఒకదాని మీద ఒకదానికి ప్లస్ 0.8. విడివిడిగా నడిపితే రెండూ చక్కగా మధ్యకు వస్తాయి. కలిపితే? ఒకటి కొంచెం కుడికి జరగగానే రెండోదాన్ని కుడికి లాగుతుంది, అది మొదటిదాన్ని ఇంకా కుడికి లాగుతుంది. రెండూ జంటగా అంచుకు పోయి కొట్టుకున్నాయి. రెండూ విడిగా మంచివే, కలిస్తే ఆగవు.

రెండో అమరిక: మొదటి ముల్లుకు తన మీద తనకు ప్లస్ 0.2, అంటే ఒంటరిగా వదిలితే పారిపోయేది. రెండోదానికి మైనస్ 0.6. మొదటిదాని మీద రెండోదాని ప్రభావం ప్లస్ 0.8, రెండోదాని మీద మొదటిదాని ప్రభావం మైనస్ 0.8. వదిలాను. మొదటిది కుడికి బయలుదేరింది. రెండోది ఎడమకు వంగి దాన్ని వెనక్కి లాగింది. మొదటిది మధ్య దాటి ఎడమకు పోయింది, ఈసారి రెండోది కుడికి వంగింది. ఒక్కో ఊపుకు దాదాపు ఎనిమిది సెకన్లు. రెండు ఊపులకే రెండూ మధ్యలో ఆగిపోయాయి. పక్కన తోడు ఉండబట్టి పారిపోయేది కూడా కుదురుకుంది.

దీన్ని పదిసార్లు చేసి ఉంటాను. నిలకడ ఏ ముల్లులోనూ లేదు, వాటి మధ్య సంబంధంలో ఉంది. ఏ పెట్టె విప్పి చూసినా అది కనిపించదు.

అంకెలు తమంతట తాము పడితే రెండు ముళ్లకు నిలకడ దొరికే అవకాశం నాలుగింట ఒకటి. నాలుగు ముళ్లకు అది ఇంకా బాగా పడిపోతుంది.

రోజు 11

ఇది క్లుప్తంగా. నాలుగూ కలిపాక పాట్ అంకెలు పిచ్చిగా ఎగిరాయి. మోటారు బ్రష్‌ల నుంచి వచ్చే నాయిస్. ప్రతి మోటారు రెండు కాళ్ల మధ్యా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ పెట్టి టంకం వేశాను, మోటార్ల గ్రౌండు, ఆర్డుయినో గ్రౌండు ఒకే చోట కలిపాను. తగ్గింది. ఇంకో సంగతి, స్విచ్ వేసిన ప్రతిసారీ మొదటి అంకెలు అవే వస్తున్నాయి. ఆర్డుయినోలో అంకెలను గుడ్డిగా ఎంచే రాండమ్ ఎప్పుడూ ఒకే వరసలో మొదలవుతుంది, వరస మారాలంటే మొదట్లో వేరే అంకె (సీడ్) ఇవ్వాలి. ఏమీ తగిలించని ఒక అనలాగ్ పిన్ను చదివి ఆ అంకెను ఇచ్చాను.

రోజు 12

నాలుగు ముళ్లు. హద్దు దాటి ఉన్న ముల్లు సెకనుకోసారి తన బరువులు మార్చుకుంటుంది. ఇరవై నిమిషాలు నడిపాను, నిలవలేదు. మళ్లీ నడిపాను, నిలవలేదు. ఆ గది నిండా రబ్బరు కిరకిర.

అవకాశం తక్కువ కాబట్టి ఆలస్యమవుతోందిలే అని సరిపెట్టుకుని లేవబోతూ కంప్యూటర్‌లో దాచుకున్న పాట్ అంకెలను గీతలుగా గీసి, సాగదీసి చూశాను. అక్కడ దొరికింది. మూడో ముల్లు అంచు నుంచి లోపలికి తిరిగింది, ఇంకాస్త వస్తే హద్దు లోపలికి వచ్చేది. సరిగ్గా అప్పుడే సెకను నిండింది. హద్దు బయటే ఉంది కదా అని ప్రోగ్రాము ఆ బరువులను పారేసి కొత్తవి వేసింది. ముల్లు మళ్లీ అంచుకు. గీతల్లో ఇంకా వెనక్కి వెళ్లి చూస్తే ఇలాంటివి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. మంచి అమరికలు వచ్చాయి. మంచివని తేలేంత సమయం వాటికి నేను ఇవ్వలేదు.

లెక్క వేసి చూస్తే తెలిసిపోయేదే. నా మోటారు ఫుల్ వేగంలో సెకనుకు 90 డిగ్రీలు తిరుగుతుంది. అంచు నుంచి హద్దు లోపలికి రావడానికే కొంత సమయం పడుతుంది, పైగా మిగతా మూడూ లాగుతుంటే ముల్లు సరాసరి రాదు, ఊగుతూ వస్తుంది. మొన్న రెండు ముళ్లకే ఒక ఊపు ఎనిమిది సెకన్లు పట్టింది. సెకనులో తీర్పు చెప్పేస్తే ఎలా?

ఇరవై సెకన్లు ఆగమన్నాను. ఇది ఇంకో వైపు బాధ. అమరిక చెడ్డదని మొదటి రెండు సెకన్లలోనే తేలిపోయినా ముల్లు అంచును తోస్తూ కూర్చుంటుంది. గొట్టం వేడెక్కింది, ఒకటి లోపల అరిగి ముల్లు పట్టు తప్పింది. మార్చాల్సి వచ్చింది.

అయిదు సెకన్లు పెట్టాను. 31వ మార్పు దగ్గర నాలుగు ముళ్లూ ఒక్కొక్కటిగా లోపలికొచ్చి, కొంతసేపు ఊగి, ఆగాయి. గది నిశ్శబ్దమైపోయింది. ఒకదాన్ని వేలితో పక్కకు తోశాను. నాలుగూ కదిలాయి, నాలుగూ తిరిగొచ్చాయి.

రోజు 13

రాత్రి ఆలోచిస్తూ పడుకున్నాను. ఈ ప్రాజెక్టులో నేను చేత్తో పెట్టిన అంకెల్లో అన్నిటికంటే పెద్దది ఆ అయిదు. బరువులను యంత్రమే కనుక్కుంటుంది, ఎంతసేపు ఓపిక పట్టాలన్నది మాత్రం నేను చెప్పాను. ఆ ఓపిక యంత్రం స్వభావానికి, అంటే దాని మోటారు వేగానికి, రాపిడికి, ఊపు నిడివికి తగ్గట్టు ఉండాలి. ఆష్బీ యంత్రంలో కూడా స్విచ్ ఎడతెరిపి లేకుండా తిరగదు, విరామం ఇచ్చి ఒక్కో మెట్టు కదులుతుంది. అది చదివినప్పుడు యంత్రం సదుపాయం కోసం అలా పెట్టాడేమో అనుకున్నాను. ఇప్పుడు నాకు ఆ విరామమే యంత్రంలో సగం అనిపిస్తోంది.

1946లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఆష్బీకి ఉత్తరం రాస్తూ, దీనికోసం ప్రత్యేకంగా యంత్రం కట్టనక్కర్లేదు, తాము తయారుచేస్తున్న ఏస్ కంప్యూటర్ మీదే ఇదంతా నడిపి చూడొచ్చని సలహా ఇచ్చాడు. ఆ సలహా తప్పని అనను. నేనూ మొదట ల్యాప్‌టాప్‌లో నడిపే చూశాను, అక్కడ నాలుగు ముళ్లూ ఇట్టే కుదిరాయి. కానీ అక్కడ రాపిడి లేదు, గొట్టం అరగదు, దొంగ నిలకడ కనిపించదు. ఎంతసేపు ఆగాలన్నది ప్రశ్నగానే నాకు తట్టలేదు. ట్యూరింగ్ మాట విన్నా ఆష్బీకి ఫలితం వచ్చేదేమో, నాకు మాత్రం ఈ పాఠం చేతికి అందేది కాదు.

రోజు 15

ప్రతి ముల్లుకూ మిగతా మూడింటి ప్రభావాన్ని సగానికి తగ్గించి నడిపాను. పదిసార్లు చూస్తే ఎక్కువసార్లు పది మార్పుల లోపే కుదిరింది. పూర్తి ప్రభావంతో అలా జరగడం అరుదు.

దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఇరవై నాణేలు. అన్నీ ఒకేసారి ఎగరేసి, అన్నీ ఒకేసారి బొమ్మ పడాలంటే సగటున 10,48,576 సార్లు ఎగరేయాలి. ఒక్కో నాణేన్నీ విడిగా ఎగరేసి, బొమ్మ పడ్డదాన్ని అలాగే పక్కన పెట్టేస్తూ పోతే మొత్తం నలభై ఎగరేతలు చాలు. ఒకదాన్ని కదిపితే అన్నీ కదిలే వ్యవస్థలో దొరికిన మంచిని దాచుకోవడం కుదరదు. ఆష్బీ ఈ విషయాన్ని బాగా పట్టించుకున్నాడు. 1970లో గార్డ్‌నర్‌తో కలిసి, వ్యవస్థ పెద్దదై దాని భాగాల మధ్య కనెక్షన్లు ఒక స్థాయి దాటితే నిలకడకు అవకాశం ఎంత హఠాత్తుగా పడిపోతుందో చూపించాడు. రెండేళ్లకు జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే అదే ప్రశ్నను జీవజాతుల మధ్య సంబంధాలకు వేశాడు.

రోజు 18

ఆష్బీ చేసిన పరీక్షల్లో నాకు బాగా ఇష్టమైనది ఇవాళ చేశాను. రెండు ముళ్లను ఒకదానికొకటి కట్టేయడం. కట్టేశాక అవి కలిసే కదలాలి. యంత్రం కట్టినవాడు ముందుగా అనుకోని పరిస్థితి ఇది.

చెల్లి వచ్చి కూర్చుంది. ముందు మామూలుగా కుదురుకోనిచ్చాం. మొదటి, రెండో ముళ్ల కొసలకు సన్నటి ప్లాస్టిక్ పుల్ల అడ్డంగా పెట్టి దారంతో కట్టాను. చెల్లి మూడో ముల్లును కుడివైపుకు లాగి పట్టుకుంది.

"వదలనా అక్కా?"

"వదులు."

మూడోది తిరిగొచ్చింది గానీ, కట్టిన జంట ఆగలేదు. మొదటిది కుడికి పోవాలంటుంది, రెండోది ఎడమకు. పుల్ల కొంచెం వంగింది, రెండు గొట్టాలూ జారాయి, చివరికి జంట మొత్తం కుడి హద్దు దాటింది. అయిదు సెకన్లు. మార్పు. ఎడమకు కొట్టుకుంది. మార్పు. నాలుగోది కూడా ఊగడం మొదలుపెట్టి హద్దు దాటింది. చెల్లి పక్కన కాగితం మీద గీతలు పెడుతూ లెక్కపెడుతోంది. పదిహేడో గీత దగ్గర పెన్ను ఎత్తింది, మళ్లీ దించలేదు. జంట మెల్లగా లోపలికి వచ్చింది, పుల్ల నిటారుగా అయింది, నాలుగు ముళ్లూ మధ్యలో నిలిచాయి. చెల్లి మళ్లీ మూడోదాన్ని లాగి వదిలింది. అన్నీ కలిసి ఒకసారి ఊగి ఆగాయి.

కొత్త బరువులు ప్రింట్ చేసి చూశాను. ఇందాక ఒకటి కుడికి, ఒకటి ఎడమకు లాగిన మొదటి రెండు ముళ్లు ఇప్పుడు ఒకే వైపు లాగుతున్నాయి. పుల్ల ఉందని వాటికి తెలియదు. పుల్ల ఉన్న లోకంలో నిలబడే అమరిక మాత్రం దొరికింది.

"ఇప్పుడు పుల్ల తీసేస్తే?" అంది.

కత్తెరతో దారం తెంపాను. రెండు మూడు సెకన్లు ఏమీ కాలేదు. తర్వాత రెండో ముల్లు ఒక్కటే ఎడమకు జారి, ఆగకుండా అంచుదాకా పోయింది. మళ్లీ కిర్రుమని రబ్బరు చప్పుడు. పుల్ల అడ్డం ఉండబట్టి సరిపోయిన అమరిక అది, పుల్ల లేకపోతే చెల్లదు. చెల్లి కాగితం తిప్పి కొత్త గీతలు మొదలుపెట్టింది.

తొమ్మిది గీతలకు ఆగింది. ఈసారి వచ్చిన బరువులు పొద్దుటివి కావు.